యానాం ఇంటి కాంపేర్ పూలకూజా: అతికించే ముందు ఉప్పు దించాలి

వస్తువు: ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో, కాంపేర్ పట్టణంలో తయారైన చేతిచిత్రణ ఫయాన్స్ పూలకూజా. ఎత్తు 27 సెం.మీ., మూతి వ్యాసం 11 సెం.మీ., బరువు సుమారు 1,100 గ్రాములు, రెండు పక్కలా రెండు పిడులు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఒక పాత ఇంటి హాల్లో ఉండేది. మెడ దగ్గర విరిగి ఏడు పెంకులైంది. అందులో మూడు అతుకులు పాతవి, ఎప్పుడో అరల్డైట్ అనే ఎపాక్సీ జిగురుతో వేసినవి. ఒక పిడిలో సగం లేదు. మెడ అతికి, పిడి మళ్లీ రావాలన్నది ఇంటివారి కోరిక. పరీక్షలో తేలిందేమిటంటే, కూజాను నిజంగా తినేస్తున్నది విరుగుడు కాదు, పాదం దగ్గర తెల్లగా పొడిలా కనిపిస్తున్న ఉప్పు.

వస్తువేమిటో ముందు తేల్చుకోవాలి

ఇలాంటి కూజాలను మన దగ్గర అందరూ 'పింగాణీ' అనేస్తారు. ఇది పింగాణీ కాదు. పింగాణీ అయితే సెల్‌ఫోన్ టార్చి లోపల పెడితే పల్చటి చోట వెలుతురు బయటికి కనిపిస్తుంది, విరిగిన అంచు తెల్లగా గాజులా ఉంటుంది, నీళ్లు పీల్చదు. దీని విరిగిన అంచు లేత గోధుమరంగులో ఉంది. దాని మీద నీటిచుక్క వేస్తే కొద్ది క్షణాల్లో ఇంకిపోయింది. బయటి తెలుపు మట్టిది కాదు, తగరం కలిపిన గ్లేజుది, అంటే కాల్పులో గాజులా పట్టే పైపూతది. టిన్ ఆక్సైడ్ గ్లేజులో కరగకుండా సన్నటి రేణువులుగా మిగిలి పాలలాంటి తెలుపునిస్తుంది, కింది మట్టి రంగును కప్పేస్తుంది. ఫయాన్స్ అంటే ఇదే: ఒకసారి కాల్చిన సున్నపు పాలున్న మట్టి, దాని మీద తగరపు గ్లేజు, ఆ గ్లేజు పచ్చిగా ఉండగానే దాని మీద చిత్రం, తర్వాత రెండో కాల్పు.

పచ్చి గ్లేజు పొడిపొడిగా ఉండి కుంచెలోని రంగును పొడి ఇటుక నీటిచుక్కను లాగేసినట్టు లాగేస్తుంది. పడిన గీతను చెరిపి దిద్దే వీలు లేదు. అందుకే కాంపేర్ పనివాళ్లు రేకుకొక్క కుంచెదెబ్బతో పువ్వులు వేశారు. ఆ పద్ధతిని ఫ్రెంచిలో 'ఆ లా తూష్' అంటారు. పదిరెట్ల భూతద్దం కింద ఒక్కో రేకు మొదట్లో పల్చగా, కుంచె ఎత్తిన చోట రంగు ముద్దకట్టి ఉంటుంది. అచ్చు వేసిన బొమ్మల్లో ఈ ముద్ద ఉండదు, చుక్కల వల కనిపిస్తుంది. ఈ కూజా మీద ఒక వైపు బ్రిటనీ వేషంలో ఉన్న రైతు, రెండో వైపు పూలగుత్తి, మెడకు నీలం, పసుపు పట్టీలు, పిడులకు స్పాంజితో అద్దిన నీలం. నీలం కోబాల్టు నుంచి, పసుపు ఆంటిమొనీ నుంచి, ఆకుపచ్చ రాగి నుంచి, ఊదా మాంగనీసు నుంచి వస్తాయి. ఇవన్నీ గ్లేజుతో పాటు గట్టి కాల్పు తట్టుకునే రంగులు కాబట్టి గ్లేజులో కలిసిపోయి ఉంటాయి. శుభ్రం చేసేటప్పుడు ఊడిపోతాయన్న భయం తక్కువ. గ్లేజు మీద తక్కువ వేడిలో కాల్చిన రంగులు, బంగారు పూత ఉన్న కూజాలకు ఈ ధీమా పనికిరాదు. అక్కడ వేలితో గట్టిగా రుద్దినా బంగారం పోతుంది.

అడుగున 'హెన్రియో కాంపేర్' అన్న చేతిరాత గుర్తు ఉంది. ఒదె నది ఒడ్డున లోక్‌మరియా పేటలో ఈ పరిశ్రమ 1690 నాటి నుంచి ఉందని లెక్క. అక్కడి పాత కర్మాగారం హెచ్‌బీ, పక్కనే ఉన్న హెన్రియో సంస్థ హెచ్‌ఆర్ అనే గుర్తు వాడేవి. రెండూ ఒకేలా కనిపిస్తున్నాయని వ్యాజ్యం నడిచి, 1922లో హెన్రియో పూర్తి పేరు రాయాల్సి వచ్చింది. కాబట్టి పూర్తి పేరున్న ఈ కూజా 1922 తర్వాతిది. రెండు సంస్థలూ 1968లో ఒకటయ్యాయి. ముత్తాతల నాటిదని చెప్పుకునే ఇళ్లలో ఈ మాట కొంచెం నిరాశ కలిగించవచ్చు. గుర్తు ఒక్కటే చూసి కాలం చెప్పేయడం ఎటూ మంచిది కాదు. ఇక్కడ మట్టి, రంగులు, కుంచెతీరు మూడూ గుర్తుతో పొసగాయి.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది

లోపల చూస్తే నీటిమట్టం ఉన్నంత మేరకు సున్నపు గార పట్టి ఉంది. అంటే ఏళ్ల తరబడి ఇందులో నిజంగానే నీళ్లు పోసి పూలు పెట్టారు. యానాం గోదావరి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర కాబట్టి అక్కడి బావినీళ్లలో ఉప్పు ఉండటం మామూలే. లోపలి గ్లేజు మీద వెంట్రుకల్లాంటి నెర్రెలు ఉన్నాయి. మట్టి, గ్లేజు చల్లారేటప్పుడు ఒకే లెక్కన కుంచించుకోకపోతే వచ్చేవి ఇవి. ఆ నెర్రెల గుండా నీరు మట్టిలోకి దిగింది. బయటికి పోవడానికి దానికి దొరికిన సులువైన దారి గ్లేజు లేని పాదపు అంచు. నీరు ఆవిరైంది, ఉప్పు అక్కడే మిగిలింది.

ఆ తర్వాత నీళ్లు పోయకపోయినా పని ఆగదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరుకారుతుంది, తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. కోస్తా ఊళ్లో రాత్రి తేమ ఆ గీత దాటుతుంది, మధ్యాహ్నం కిందికి దిగుతుంది. అంటే దాదాపు రోజుకొకసారి గ్లేజు కింద స్ఫటికాలు కరగడం, పెరగడం. పెరిగిన ప్రతిసారీ గ్లేజును లోపలి నుంచి నెడతాయి. పాదం పైన రెండు వేళ్ల వెడల్పున గ్లేజు పెచ్చులు లేచి ఉన్నది ఇందుకే. ఈ స్థితిలో మెడ అతికించి ఇచ్చేస్తే పైన బాగుపడినట్టే ఉండి కింద రాలిపోతూ ఉంటుంది.

ఉప్పే అని తేల్చుకోవడానికి తెల్లపొడిని చిటికెడు డిస్టిల్డ్ నీటిలో కలిపి, రెండు చుక్కల పలుచటి నైట్రిక్ ఆమ్లం, ఆపైన ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేశాం. పాలలా తెల్లబడింది. క్లోరైడు ఉన్నట్టు. నైట్రిక్ ఆమ్లం వేయకుండా చేస్తే కార్బొనేట్లు కూడా తెల్లబరిచి మోసం చేస్తాయి. సిల్వర్ నైట్రేట్ వేళ్లకు అంటితే నల్లమచ్చలు పడతాయి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

పాత అతుకులు విప్పడం

అరల్డైట్‌ను మట్టి పీల్చేసి ముదురు పసుపు గీతలా కనిపిస్తోంది. ఎపాక్సీ ఏదైనా ఫయాన్స్‌కు తగదని ఈ కూజాయే సాక్ష్యం. అది మట్టి కంటే గట్టిది. రెండోసారి దెబ్బ తగిలినప్పుడు అతుకు విడిపోలేదు, దాని పక్కనే కొత్తగా మట్టి విరిగింది. ఏడు పెంకుల్లో రెండు అలా పుట్టినవే.

ఎపాక్సీ పూర్తిగా కరగదు, ఉబ్బి మెత్తబడుతుంది. డైక్లోరోమీథేన్ ఉన్న పెయింట్ రిమూవర్ త్వరగా పనిచేస్తుంది కానీ ఆ ఆవిరి ప్రమాదకరం. పైగా ఎపాక్సీ ఒక్కసారిగా ఉబ్బితే అంచున ఉన్న గ్లేజు పెచ్చులు ఎగిరిపోతాయి. అందుకని అసిటోన్ తడిపిన దూదిని అతుకు పొడవునా పెట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి, మొత్తం పాలిథిన్ సంచిలో మూసి ఉంచాం. దూది ఆరకుండా రోజుకు రెండుసార్లు తడపాలి. అతుకు జున్నులా మెత్తబడ్డాక చేతితో లాగకుండా, సన్నటి సర్జికల్ బ్లేడు లోపలివైపు నుంచి దూర్చి విప్పాం. అంచుల్లో మిగిలిన జిగురును స్టీరియో మైక్రోస్కోపు కింద 15వ నంబరు బ్లేడుతో తీశాం. అంచు మీద ఆవగింజలో సగం జిగురు మిగిలినా పెంకు సరిగా కూర్చోదు.

గార తీయడంలో మన వంటింటి తెలివి పనిచేయదు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ ఇత్తడికి సరే. ఇక్కడ గ్లేజులో సీసం ఉంటుంది, మట్టిలో సున్నం ఉంటుంది. ఆమ్లం రెండింటినీ తింటుంది. మెరుపు పోయి గ్లేజు గరుకవుతుంది, సీసం పైకి వస్తుంది. గారను నీటితో నానబెట్టి వెదురు పుల్లతో, మొండి చోట బ్లేడుతో తీయడమే. పూర్తిగా రాని చోట వదిలేశాం. లోపల కనిపించని గార కోసం గ్లేజు గీసుకుపోవడం నష్టమైన బేరం.

ఉప్పు దించడం

లేచిన గ్లేజు పెచ్చుల అంచులకు ముందుగా పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ జిగురును అసిటోన్‌లో 5 శాతంగా కలిపి, సున్నా నంబరు కుంచెతో అద్దాం. అంచులకే, మొత్తం పాదానికి కాదు. అంతా పూస్తే ఉప్పు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది.

నీళ్లు బ్యాటరీలకు పోసే డీమినరలైజ్డ్ నీళ్లే. ఇళ్లలోని ఆర్‌ఓ నీటిలో కూడా ఉప్పు మిగిలే ఉంటుంది, కనుక చివరి దశలో అది పనికిరాదు. పెంకుల బరువుకు తొమ్మిది, పది రెట్ల నీరు, అంటే దాదాపు 10 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు. పెంకులను ఒక్కసారిగా ముంచితే లోపలి గాలి బయటికి తోసుకొస్తూ లేచిన గ్లేజును ఊడగొడుతుంది. అందుకని ముందు అడుగున ఒక సెంటీమీటరు నీళ్లు పోసి, విరిగిన అంచు తగిలేలా నిలబెట్టి, మట్టి తనంతట తాను పీల్చుకున్నాక మెల్లగా నీటిమట్టం పెంచాం.

ఎంతకాలం నానబెట్టాలన్నది రోజుల లెక్క కాదు, మీటరు చెప్పాల్సిన మాట. ప్రయోగశాలల్లో కండక్టివిటీ మీటరు వాడతారు. ఆర్‌ఓ మిషన్ల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఊళ్లో దొరికే టీడీఎస్ మీటరు కూడా కొలిచేది విద్యుద్వాహకతనే, దాన్ని పీపీఎంగా మార్చి చూపిస్తుంది. 3 పీపీఎం నీటితో మొదలుపెడితే తొలి టబ్బు ఒక్కరోజులో 300 దాటింది. నీళ్లు మార్చిన కొద్దీ పెరుగుదల తగ్గుతూ వచ్చింది. వరుసగా రెండు టబ్బుల్లో 24 గంటలకు పెరుగుదల 15 పీపీఎం లోపే ఉన్నప్పుడు, సిల్వర్ నైట్రేట్ పరీక్షలో తెల్లదనం కనిపించనప్పుడు ఆపాం. టబ్బు మీద మూత ఉండాలి, లేకపోతే దోమలు, నాచు. నీళ్లు మార్చడం ఇంకా కొనసాగిస్తే 'సున్నా' వస్తుందన్న ఆశతో నెలల తరబడి నానబెట్టేవాళ్లున్నారు. సున్నపు మట్టి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది కాబట్టి సున్నా ఎన్నటికీ రాదు, మట్టి మాత్రం బలహీనమవుతుంది.

మట్టి ఇంకా తడిగా ఉండగానే అంచుల గోధుమ మరకలకు చికిత్స. పొడి ఫయాన్స్ మీద ఏ ద్రవం వేసినా మరకను లోపలికి మోసుకుపోతుంది, తడిసి ఉన్నదైతే మోయదు. 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు చుక్కల అమోనియా కలిపి, దూదితో మరక మీద పెట్టి, పాలిథిన్ కప్పి, ఆరకముందే తీసి మళ్లీ పెట్టాలి. పాత మరమ్మతులో ఇనుప తీగతో కుట్టిన కూజాకు ఇది చేయకూడదు, తుప్పు మరక మట్టిలో స్థిరపడిపోతుంది. బట్టల బ్లీచ్ అసలే వద్దు. అది సోడియం హైపోక్లోరైట్, ఇంత కష్టపడి దించిన క్లోరైడును మళ్లీ ఎక్కిస్తుంది. మరక తీశాక ఇంకొకసారి డీమినరలైజ్డ్ నీటి టబ్బు.

ఆరబెట్టడంలో తొందరపడితే మొదటికి మోసం. ఫ్యాను కింద పెడితే ఆవిరయ్యే చోటు మట్టి లోపలికి జరుగుతుంది, మిగిలిన కాస్త ఉప్పు గ్లేజు వెనకాలే స్ఫటికమవుతుంది. నూలుగుడ్డ కప్పి, నీడలో, విరిగిన అంచులు గాలి తగిలేలా ఉంచి, 0.1 గ్రాము చూపే త్రాసు మీద బరువు మారనంతవరకు వేచి ఉండాలి. అప్పుడే జిగురు.

ఏ జిగురు, ఎందుకు

ఫయాన్స్ అతకడానికి ఐరోపా, అమెరికా మ్యూజియంలలో మొదట చేయి పోయేది పారలాయిడ్ బి-72 మీదకే. పచ్చబడదు, అసిటోన్‌తో ఎప్పుడైనా విప్పుకోవచ్చు, మట్టి కంటే మెత్తగా ఉంటుంది. దాని ఇబ్బంది ఒక్కటే. అది 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. లండన్ గదిలో ఇది ఇబ్బంది కానే కాదు. మే నెలలో గోదావరి జిల్లాల్లో, మధ్యాహ్నం ఎండ పడే కిటికీ పక్కన మెడ బరువు మోస్తున్న అతుకుకు ఇది నిజమైన ప్రమాదం. విరగదు, మెల్లగా జారుతుంది. వేసవి అయ్యాక చూస్తే పెంకు ఒక మిల్లీమీటరు వాలి ఉంటుంది.

ఇదే కుటుంబంలోని బి-48ఎన్ 50 డిగ్రీల దగ్గర, బి-44 దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. బి-44 మరీ పెళుసు. బి-48ఎన్ ఒక్కటే అయితే బి-72 అంత సుఖంగా పనిచేయదు. వేడి దేశాల తవ్వకాల శిబిరాల్లో రెండింటినీ కలిపి వాడే అలవాటుంది. ఇక్కడా మూడు పాళ్లు బి-72కు ఒక పాలు బి-48ఎన్ బరువు లెక్కన తీసుకున్నాం. మిశ్రమం 50 డిగ్రీలు తట్టుకుంటుందని కాదు, ఒంటి బి-72 కంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది. మిగతాది కూజాను ఎక్కడ పెడతారన్నదాని మీద ఆధారపడుతుంది.

తయారీ: 50 గ్రాముల గుళికలు, 50 గ్రాముల అసిటోన్. గుళికలను పల్చటి మస్లిన్ మూటకట్టి సీసా మూత నుంచి ద్రవంలో వేలాడదీస్తే ఒకరోజులో సమంగా కరుగుతాయి. నేరుగా వేస్తే అడుగున ముద్దకడతాయి. వేడిలో అసిటోన్ మరీ తొందరగా ఎగిరి అతుకులో బుడగలు మిగులుతాయి. అందుకని అసిటోన్‌లో పదోవంతుకు బదులు ఇథనాల్ వేశాం. తేమ ఎక్కువున్న రోజు ఈ పని పెట్టుకోకూడదు. అసిటోన్ ఎగురుతూ చోటును చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ చేరి జిగురు తెల్లగా పాలిపోతుంది, బలం తగ్గుతుంది. ఏసీ గదిలో తేమ 60 శాతం లోపున చేయడం మేలు.

ఫెవిక్విక్ పెళుసు, సందు నింపదు, తేమకు కాలక్రమంలో వదులుతుంది. ఫెవికాల్ తేమకు ఉబ్బి మెత్తబడుతుంది. రెండూ ఇంటి మరమ్మతుల్లో తరచూ కనిపిస్తాయి కాబట్టి ఈ మాట.

విరిగిన అంచులన్నిటికీ ముందు అదే మిశ్రమం 8 శాతం ద్రావణం ఒక పూత వేసి ఆరనిచ్చాం. లేకపోతే మట్టి జిగురులోని అసిటోన్‌ను లాగేసి అతుకు ఎండిపోతుంది. తర్వాత జిగురు లేకుండా టేపుతో మొత్తం కూర్చి చూసి, ఏ పెంకు తర్వాత ఏది అన్నది టేపు మీద నంబర్లు రాసుకున్నాం. ఈ వరుస తప్పితే చివరి పెంకుకు చోటు ఉండదు. ఇక్కడ చిక్కంతా మెడలోని నాలుగో పెంకుది. దాన్ని పక్కవాటి కంటే ముందే పెట్టాలి, తర్వాత పెడితే లోపలికి దూరదు.

జిగురు ఒక అంచుకే, అంచు మందంలో నడిమధ్యన సన్నటి గీతలా. గ్లేజు దాకా పూస్తే నొక్కినప్పుడు బయటికి పొంగుతుంది. నొక్కి అర నిమిషం పట్టుకుని, అడ్డంగా టేపు బిగించి, గోరు కొన అతుకు మీద నడిపి మెట్టు తగులుతుందేమో చూడాలి. 0.2 మి.మీ. మెట్టు మొదటి అతుకులో వదిలేస్తే మూతి చుట్టు ముగిసే చోట అది మిల్లీమీటరు సందవుతుంది. సగం అతికిన కూజాను ఇసుక నింపిన ట్రేలో, అతుకు మీద బరువు నిలువుగా పడే కోణంలో నిలబెట్టాం. పావుగంటలో పట్టు వస్తుంది కానీ లోపల అసిటోన్ వారాల తరబడి మిగులుతుంది, అది మిగిలినంతకాలం జిగురు ఇంకా తక్కువ వేడికే మెత్తబడుతుంది. కాబట్టి తొలి నెల కూజా చల్లటి గదిలోనే ఉంది.

పిడి, రంగు

లేని సగం పిడికి రెండో పిడి నుంచి డెంటల్ సిలికాన్ పుట్టీతో అచ్చు తీసి, డెంటల్ ప్లాస్టర్‌తో పోత పోశాం. తడి ప్లాస్టర్‌ను నేరుగా కూజా మీద వేయలేదు. ప్లాస్టర్ నుంచి సల్ఫేటు మట్టిలోకి దిగుతుంది, ఉప్పు కథ మళ్లీ మొదలవుతుంది. విడిగా పోసి, ఆరాక 400, 600, 1200 నంబరు గరుకు కాగితాలతో రుద్ది, కొలతకు తెచ్చి, బి-72తో సీలు చేసి అతికించాం. రుద్దడం కూజాకు దూరంగానే జరగాలి. గ్లేజు మీద ఒక్క గీత పడినా పక్క వెలుతురులో జీవితకాలం కనిపిస్తుంది. అతుకుల వెంబడి చిన్న పెచ్చులను గాజు మైక్రోబెలూన్లు (పొడిలా ఉండే సన్నటి డొల్ల గాజు గోళాలు) కలిపిన బి-72 ముద్దతో నింపాం.

తగరపు తెలుపు అచ్చమైన తెలుపు కాదు. టిటానియం వైటులో గోరంత అల్ట్రామెరీన్ నీలం, అంతకంటే తక్కువ రా అంబర్ అనే గోధుమరంగు కలిస్తే దగ్గరికి వచ్చింది. పగటి వెలుతురులో సరిపోయిన రంగు ఎల్‌ఈడీ కింద తేడాగా కనిపించవచ్చు కాబట్టి రెండింటి కిందా చూశాక ఆగాం. అక్రిలిక్ రంగులు, పలుచటి పొరలు, పైన మెరిసే అక్రిలిక్ పూత, అంతా నింపిన చోటు వరకే. పాత పద్ధతిలో స్ప్రే గన్‌తో చుట్టూ అసలు గ్లేజు మీదికి కూడా రంగు పరిచి 'కనిపించని' మరమ్మతు చేసేవారు. పదేళ్లకు ఆ పూత పచ్చబడి, చిన్న మరమ్మతు పెద్ద మచ్చవుతుంది. పిడి మీద స్పాంజి నీలం వేశాం, ఎందుకంటే రెండో పిడి నమూనా ఉంది. రైతు బొమ్మ టోపీ దగ్గర ఊడిన చిన్న చోట తెలుపే ఉంచాం. అక్కడ ఏ గీత ఉండేదో చెప్పే ఆధారం లేదు.

ఇంటికి వెళ్లాక

కూజాలో ఇక నీళ్లు పోయకూడదు. తాజా పూలు కావాలంటే మూతిలో పట్టే సన్నటి గాజు గొట్టం లోపల పెట్టి నీళ్లు అందులో పోయాలి, తీసేటప్పుడు కింద గుడ్డ పరచాలి. పడమటి కిటికీ, ఫ్రిజ్ పైభాగం, టీవీ వెనక వద్దు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి అడుగున, ఒకటి పొట్ట మీద. పిడులు అలంకారానికే. దుమ్ముకు మెత్తటి పొడి కుంచె చాలు, తడిగుడ్డతో తుడిస్తే అతుకుల రంగు చెదురుతుంది. వాడిన జిగురు, పాళ్లు, రంగులు, ముందూ తర్వాతా ఫోటోలు ఉన్న కాగితం కూజాతో పాటే ఇచ్చాం. రేపు ఎవరు విప్పాల్సి వచ్చినా అసిటోన్ చాలని వాళ్లకు తెలియాలి.

వర్షాకాలం దాటి గాలి పొడిబారిన మొదటి వారంలో పాదపు అంచును భూతద్దంతో చూడాలి. సన్నటి తెల్లపొడి కనిపిస్తే తుడిచేయకుండా చిటికెడు కాగితంలో తీసి ఉంచమని ఇంటివారికి చెప్పాం. ఆ పొడితో సిల్వర్ నైట్రేట్ పరీక్ష చేస్తే మరో టబ్బు అవసరమో కాదో తేలిపోతుంది.